ప్యాసింజరు రైలు సేవల మెరుగుదల - ఆవశ్యకత
(ప్రత్యేక వ్యాసం)

గ్రామాల నుంచి పట్టణాలకు నిత్యం రాకపోకలు సాగించే విద్యార్థులు, చిరుద్యోగులు, కూలీలు, కూరగాయలు, పూలు అమ్ముకునే వారికి ప్యాసింజరు రైలే ప్రధాన ఆధారం. ఎక్స్‌ప్రెస్‌లు ఆగని చిన్న స్టేషన్లలో, హాల్టులలో ఆగే రైలు ఇదొక్కటే. రిజర్వేషన్ లేకుండా అప్పటికప్పుడు టికెట్టు తీసుకొని ప్రయాణించే సౌలభ్యం ఇందులో ఉన్నది. తక్కువ ఛార్జీ, అన్ని స్టేషన్లలో నిలుపుదల, అనువైన వేళలు - ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా రైలు నడుస్తున్నప్పటికీ ప్రయోజనం నెరవేరదు.

ఛార్జీలు - 2020 తర్వాతి పరిణామాలు

రెండవ తరగతి కనీస ఛార్జీని 2015 నవంబరులో 5 రూపాయల నుంచి 10 రూపాయలకు పెంచారు. కోవిడ్ కారణంగా 2020 మార్చిలో దేశవ్యాప్తంగా ప్రయాణికుల రైళ్లు నిలిచిపోయాయి. అనంతరం దశలవారీగా పునరుద్ధరించినప్పుడు అనేక ప్యాసింజరు రైళ్లను సున్నాతో మొదలయ్యే నంబర్లతో ఎక్స్‌ప్రెస్ స్పెషల్‌లుగా నడిపారు. ఫలితంగా కనీస ఛార్జీ 30 రూపాయలైంది. రైలు అదే, దూరం అదే అయినా పేదల ప్రయాణ వ్యయం మూడింతలైంది. 2024 ఫిబ్రవరి చివరిలో తిరిగి 10 రూపాయల ఛార్జీ అమలులోకి వచ్చింది. 2025 జనవరి 1 నుంచి ఈ రైళ్లకు సాధారణ నంబర్లు కేటాయించారు. 5తో మొదలయ్యే నంబరు సాధారణ ప్యాసింజరును, 6 మెమూను, 7 డెమూను సూచిస్తాయి.

పట్టాలతోనే సరిపోదు

కాకినాడ - కోటిపల్లి మార్గం ఇందుకు ఉదాహరణ. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో పట్టాలు తొలగించిన సుమారు 45 కిలోమీటర్ల ఈ మార్గం రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా 2004లో పునఃప్రారంభమై, రైలు బస్సు నడిచింది. దీనికి కొనసాగింపుగా అమలాపురం మీదుగా నర్సాపురం వరకు 57 కిలోమీటర్ల మార్గం 2000-01లో మంజూరైంది. ఇందులో రాష్ట్ర వాటా 25 శాతం. గౌతమి, వైనతేయ, వశిష్ఠ నదీపాయలపై వంతెనలు ఇందులో కీలకం. మార్గం సంపూర్ణమైతే తప్ప కోటిపల్లి వరకు ఉన్న పట్టాలకు తగినంత మంది ప్రయాణికులు లభించరు. తగినన్ని రైళ్లు లేనిదే ఆ ప్రయాణికులు బస్సులను, ఆటోలను విడిచి రారు.

విజ్ఞప్తులు ఏ విధంగా ఉండాలి

రాజ్యాంగం ఏడవ షెడ్యూలు ప్రకారం రైల్వేలు కేంద్ర జాబితాలోని అంశం. అయినను ప్రజల అవసరాలను తెలియజేయడానికి పార్లమెంటు సభ్యులు, జిల్లా యంత్రాంగం, డివిజనల్, జోనల్ స్థాయిలలోని రైలు వినియోగదారుల సంప్రదింపుల కమిటీలు వేదికలుగా ఉన్నాయి. కేవలం 'రైలు కావాలి' అని కోరుట కన్న ఈ క్రింది వివరాలు జతపరచుట మేలు:

- ఏ స్టేషనులో, ఏ వేళకు, ఎందరికి రైలు అవసరం
- కళాశాలలు, కార్యాలయాలు, న్యాయస్థానాలు, సంతల వేళలు
- అదే దూరానికి బస్సు, ఆటో ఛార్జీలు
- గూడ్సు, ఎక్స్‌ప్రెస్ రైళ్లకు దారి ఇచ్చుటకు ప్యాసింజరును నిలిపివేస్తున్న స్టేషన్లు, ఆలస్యపు నిమిషాలు
- ప్లాట్‌ఫారం ఎత్తు, నీడ, తాగునీరు, మరుగుదొడ్ల స్థితి

ఉదయం పనివేళకు చేర్చి, సాయంత్రం ఇంటికి చేర్చే ఒక్క జత రైళ్లు సకాలంలో నడిస్తే ఆ మార్గంలోని గ్రామాలకు కలిగే మేలు, మధ్యాహ్నం నడిచే పలు రైళ్లతో కలుగదు. కావున కొత్త రైళ్లతో పాటు ఉన్న రైళ్ల వేళల సవరణకు, సమయపాలనకు సమాన ప్రాధాన్యం ఇవ్వవలసి ఉన్నది.