గగనము నుండి దిగు దారి

బెంగుళూరు పాత విమానాశ్రయపు రోడ్డున తూర్పుగా మారతహళ్ళి దాటి పోయినచో కుందలహళ్ళి వచ్చును. ఒకప్పుడది పల్లె. నేడు మేడలును, మోటారు వాహనముల రొదయు దప్ప అచ్చట పల్లె జాడ కానరాదు. ఆ దారిన నిత్యము పోవు మనవారిలో, భారతదేశపు విమానములకు త్రోవ చూపు లెక్కలు అచ్చటి యొక కార్యాలయమున రాత్రింబవళ్ళు సాగుచున్నవని యెరిగినవారు కొద్దిమందియే. ఆ యేర్పాటు పేరు ‘గగన్’. సంస్కృతపదమువలె వినిపించు ఈ పేరు నిజమున కొక పొడవైన ఇంగ్లీషు పేరులోని తొలి అక్షరముల కూర్పు మాత్రమే. పెట్టినవారు రసికులని మా యభిప్రాయము.

విమానమును ఎగిరించుటకంటె దింపుట కష్టము. మబ్బు క్రమ్మినపుడు చోదకునకు నేల కానరాదు. ఇందులకై పెద్ద విమానాశ్రయములలో ఐ.ఎల్.ఎస్. అను రేడియో సాధనము నెలకొల్పిరి. రన్‌వే చెంత నుండి వెలువడు ఒక కిరణము కుడియెడమలను, మరియొకటి ఎత్తుపల్లములను తెలుపును. వాని ననుసరించి చోదకుడు సాధారణముగా 200 అడుగుల వరకు దిగివచ్చి, అప్పుడు నేల కానవచ్చిననే ముందునకు సాగును. అయితే ఈ సాధనమును ప్రతి రన్‌వే కొనకును వేరువేరుగా నిలుపవలెను, వేరువేరుగా పోషింపవలెను. దినమునకు రెండు మూడు విమానములు వచ్చు చోట ఈ వ్యయ మెవరు భరింతురు? పారిశ్రామికులను, మంత్రులను, ఒక్కొక్కప్పుడు రోగులను మోసికొనిపోవు చిన్న విమానములు పోవునది తరచు అట్టి చోట్లకే.

ఎత్తు తెలియుట యెంత ముఖ్యమో మన నగరమే చూచినది. 1990 ఫిబ్రవరి 14న బొంబాయి నుండి వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్సు, హెచ్.ఎ.ఎల్. విమానాశ్రయపు రన్‌వేను చేరకమునుపే గోల్ఫు మైదానమున నేలను తాకి కూలెను. అందలి 146 మందిలో 92 మంది అసువులు బాసిరి. అది పగటివేళ, మబ్బైనను లేదు. తప్పెవరిదను వాదము నటుంచిన, విమానము ఉండవలసిన ఎత్తుకు దిగువకు జారుచున్న సంగతి సకాలమున గ్రహింపబడలేదనుట మాత్రము నిజము.

1983లో దారి తప్పిన కొరియా విమానమును సోవియట్ సేనలు కూల్చగా 269 మంది మరణించిరి. అటుపిమ్మట అమెరికా అధ్యక్షుడు రీగన్, తమ సైన్యము నిర్మించుచున్న జి.పి.యస్. ఉపగ్రహముల సంకేతములు లోకమునకెల్ల ఉచితముగా లభించునని ప్రకటించెను. అయినను దింపు పనికి అది యొక్కటే చాలదు. చోదకునకు స్థానము తెలిసిన చాలదు, తెలిసినది నమ్మదగినదో కాదో కూడ తెలియవలెను. మావంటి గుమాస్తాల కిది సులభముగా బోధపడును. ఒకడు వ్రాసిన పద్దును వేరొకడు సరిచూడనిదే మా కార్యాలయమున పైసయైనను కదలెడిది కాదు. గగన్ పద్ధతియు నదియే. అహమ్మదాబాదు, జైసల్మేరు, దిబ్రూగఢ్, పోర్టుబ్లెయిరు, తిరువనంతపురము మున్నగు 15 చోట్ల కేంద్రములు పెట్టిరి. వాని స్థానములు ముందే కొలిచియుంచినవి గావున, ఉపగ్రహము చెప్పినదానికిని నిజమునకును గల తేడా తెలియును. ఆ తేడాలు కుందలహళ్ళి చేరును. అచ్చట సవరణలు గుణించి, దాదాపు 36,000 కిలోమీటర్ల యెత్తున నున్న మన ఉపగ్రహమునకు పంపుదురు. అది వానిని విమానములకు ప్రసారము చేయును. సంకేతము చెడినచో పది సెకనులలోపల ‘నమ్మవద్దు’ అను హెచ్చరిక చోదకునకు చేరవలెనని నియమము.

అమెరికావారు ఇట్టి యేర్పాటును 2003లోనే వాడుకలోనికి తెచ్చిరి. దానిని తెచ్చి ఇచ్చట నిలిపిన చాలదా యని యడుగవచ్చును. చాలదు. మనపైని ఆకాశము వేరు. భూమికి చాల యెత్తున విద్యుత్కణములతో నిండిన అయనమండలము కలదు. రేడియో సంకేతము దానిగుండ వచ్చునపుడు ఆలస్యమగును. అయస్కాంత మధ్యరేఖ మన దేశపు దక్షిణపు కొనమీదుగా పోవుటచే ఆ కణముల సాంద్రత ఇచ్చట మిక్కిలి చంచలము. ప్రొద్దుగ్రుంకిన పిమ్మట మరింత కల్లోలము. ఈ విషయమున తెలుగునాటి కృషి స్మరణీయము. వాల్తేరున ఆంధ్ర విశ్వవిద్యాలయమునందు ఆచార్య బి. రామచంద్రరావు గారు అయనమండల పరిశోధనకు పాదువేసిరి. ఆ పరంపరలోని వారే పిమ్మట దేశమందలి జి.పి.యస్. కొలతలను పరిశీలించి, ఆ చాంచల్యమును వివరించిరి. మండలమును ఒకే పొరగా భావించు పరదేశపు లెక్క మనకు పొసగమి, పెక్కు పొరలుగా తీసికొను క్రొత్త గణితమును ఇస్రోవారు కల్పించిరి.

ఇస్రోయు, విమానాశ్రయ ప్రాధికార సంస్థయు కలిసి 2007లో ఒక పరదేశ ఉపగ్రహము నాసరాగా గొని ఈ పద్ధతి పనిచేయునని నిరూపించిరి. పిమ్మట పెద్ద దెబ్బ తగిలెను. గగన్ పరికరమును మోయు జీశాట్-4, 2010 ఏప్రిల్ 15న శ్రీహరికోట నుండి లేచి, స్వదేశీ క్రయోజెనిక్ యంత్రము పనిచేయకపోవుటచే సముద్రము పాలయ్యెను. ఏండ్ల శ్రమ నిముసములలో పోయినది. అయినను వెనుదీయక 2011 మేలో జీశాట్-8ను, 2012 సెప్టెంబరులో జీశాట్-10ను ఫ్రెంచి గయానా నుండి పంపిరి. 2015 ఏప్రిల్ 21న, ఎత్తుతో కూడ దారి చూపుటకు అర్హత పత్రము లభించెను. ఆ జులై 13న దీనిని జాతికి అంకితము చేసినవారు అప్పటి పౌరవిమానయాన మంత్రి, విజయనగరపు పూసపాటి అశోకగజపతిరాజుగారు.

అంకితమైన పిదప ఏడేండ్లు పట్టినది: 2022 ఏప్రిల్‌లో రాజస్థానమందలి కిషన్‌గఢ్‌లో ఇండిగో వారి ఏ.టి.ఆర్. విమానము గగన్ చూపిన దారిన దిగెను. ఈ జాగు మాకు బోధపడుటకు కొంత కాలము పట్టెను. ఉపగ్రహము సిద్ధమైన చాలదు. విమానములో తగిన యంత్రము ఉండవలెను, ప్రతి రన్‌వేకును కొండలు, గోపురములు కొలిచి దిగు దారిని పటముగా గీయవలెను, చోదకులకు శిక్షణ యీయవలెను. సొంత విమానముల వారికి మొదటి చిక్కు తక్కువ. నవీనమైన జెట్లలో పెక్కింటికి ఆ యంత్రము తయారగునపుడే అమరి వచ్చుచున్నది.

2008 మేలో ప్రయాణికుల విమానములు దేవనహళ్ళికి తరలిన పిమ్మట హెచ్.ఎ.ఎల్. విమానాశ్రయమున సొంత విమానములును, అద్దె విమానములునే విశేషముగా కానవచ్చును. అవి ఇచ్చటి నుండి లేచి పుట్టపర్తికో, కడపకో, 2021లో తెరచిన కర్నూలు ఓర్వకల్లుకో పోవును. గగన్ దారిన చోదకుడు 250 అడుగుల దాపు వరకు దిగిరావచ్చును. అందులకు రన్‌వే చెంత ఒక్క రేడియో స్తంభమైనను నాటనక్కరలేదు.