సైకిలుకు బట్టలా, బట్టలకు సైకిలా?

కతర్‌గామ్‌లో మరమగ్గాల షిఫ్టు మారే వేళ వేడ్ రోడ్డు మీద సైకిళ్లను గమనించండి. సైకిలు కోసం బట్టలు మార్చుకున్నవాళ్లు ఒక్కరూ కనిపించరు. ప్యాంటు అంచు మడిచినవాళ్లు, లుంగీ ఎగ్గట్టినవాళ్లు, కాళ్లకు హవాయి చెప్పులు. పన్నెండు గంటల పనికి ఏ బట్టలతో పోతారో అవే. ఆదివారం పొద్దున కనిపించే హెల్మెట్టు, బిగుతు నిక్కరు, మెరిసే జెర్సీల గుంపు వేరు.

సైకిలు చరిత్ర అనగానే మనం 1885 రోవర్, 1888 డన్‌లప్ గాలి టైరు అని నోట్సు రాసుకుంటాం. ఆ తర్వాతి పదేళ్లలో అసలు పేచీ బట్టల మీద వచ్చింది. పొడవాటి గౌను చైనులో పడేది, చువ్వల్లో చిక్కేది. దీనికి ఒక పరిష్కారం బట్టలు మార్చడం. ఇంగ్లండులో లేడీ హార్బర్టన్ వదులు నిక్కరు లాంటి దుస్తులతో సైకిలు తొక్కేది. 1898లో ఆక్‌హామ్‌లోని హాట్‌బాయ్ హోటల్ ఆ వేషంతో ఆమెను కాఫీ గదిలోకి రానివ్వలేదు. సైక్లిస్టుల సంఘం కేసు వేసింది, 1899లో ఓడిపోయింది.

రెండో పరిష్కారం సైకిలునే మార్చడం. పై కడ్డీని కిందికి వంచారు, చైనుకు కవరు తొడిగారు, వెనక చక్రానికి దారాలతో వల అల్లారు. పై కడ్డీ వంచితే డైమండ్ ఫ్రేము (మా ఊళ్లో డైమండ్ అంటే అర్థం వేరు) బిగువు తగ్గుతుంది, గొట్టాలు బరువెక్కుతాయి. ఆ బరువును ఒప్పుకుని బట్టల్ని కాపాడారు. ఇంజినీరింగ్ చదివినవాడిగా నాకు గేర్ల కంటే ఇదే పెద్ద ఆవిష్కరణ అనిపిస్తుంది.

మన దేశం ఎక్కువగా రెండో దారినే పట్టింది. మోటారు సైకిళ్లకు కూడా 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది, వెనక కూర్చున్నవారి బట్టలు చిక్కకుండా సగం చక్రానికైనా కప్పు ఉండాలంటుంది. చీర మార్చుకోమని చెప్పదు. 1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోట్టైలో అక్షరాస్యత ఉద్యమంతో పాటు వేలాది మహిళలు సైకిలు నేర్చుకున్నప్పుడు లేడీస్ సైకిళ్లు చాలలేదు. జెంట్స్ సైకిళ్లే తీసుకున్నారు. బిడ్డను కూర్చోబెట్టడానికి ముందు కడ్డీ పనికొస్తుందని కొందరికి అవే నచ్చాయి. మహిళా సాధికారత ప్రశ్నకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ప్రత్యేక దుస్తులు పనికిరానివని కాదు. గంటల తరబడి వంగి తొక్కేవాడికి మెత్త ఉన్న నిక్కరు అవసరమే. 1958లో డూపాంట్ కనిపెట్టిన లైక్రా రాకముందు పందెగాళ్లు ఉన్ని బట్టలే వేసేవారు. మూడు కిలోమీటర్ల పనికి అది అక్కర్లేదు. హెల్మెట్టు సంగతి కాస్త కష్టం. తలకు మేలే, కానీ 1990 నుంచి ఆస్ట్రేలియా రాష్ట్రాలు తప్పనిసరి చేశాక, ముఖ్యంగా పిల్లల్లో, తొక్కేవాళ్లు తగ్గినట్టు లెక్కల్లో కనబడింది. కారణం మీద వాదన ఇంకా తెగలేదు. మన 1988 మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ హెల్మెట్టును సైకిలుకు వర్తింపజేయదు. అది అలాగే ఉండటం మంచిదని నా అభిప్రాయం.

2011 జనాభా లెక్కల్లో 44.8 శాతం ఇళ్లలో సైకిలుంది. 2020లో మొదలైన సైకిల్స్ ఫర్ చేంజ్ పోటీలో కేంద్రం 2021లో ఎంపిక చేసిన పదకొండు నగరాల్లో సూరత్ ఉంది, మన వరంగల్ కూడా ఉంది. ఇలాంటి పథకం ఎవరిని సైక్లిస్టుగా ఊహించుకుంటుందన్నదే అసలు ప్రశ్న. జెర్సీవాడిని ఊహిస్తే నది ఒడ్డున ఆదివారం ట్రాక్ వస్తుంది. లుంగీవాడిని ఊహిస్తే మగ్గాల షెడ్డు దాకా దీపాలున్న దారి, తాళం వేసుకునే స్టాండు రావాలి.

చీర కట్టుకున్నావిడను ఊహిస్తే? వరంగల్, కరీంనగర్ల నుంచి వచ్చిన మన పద్మశాలీలు కూడా మగ్గాలు నడిపే ఈ ఊరు దేశమంతటికీ పాలియెస్టర్ చీరలు పంపుతుంది. మా వీధి చివర సైకిళ్ల షాపులో ముందు వరసలో ఉన్నవన్నీ గేరు సైకిళ్లే. వాటికి చైను కవరు లేదు, మడ్‌గార్డు విడిగా కొనాలి.