హాల్లో గోడ ఎక్కడికి పోయింది?

తెలుగులో హాలు అంటే రెండు. ఇంట్లో సోఫా వేసుకుని కూర్చునేది ఒకటి, టికెట్ కొనుక్కుని వెళ్ళి సినిమా చూసేది ఇంకోటి. రెండిటికీ మనం వేరే మాట వెతుక్కోలేదు. "కూర్చునే గది" అని రాస్తే పాఠ్యపుస్తకంలా ఉంటుంది, ఎవరి నోటా రాదు. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ఇళ్ళ గురించి ఆలోచించినప్పుడల్లా ఈ రెండు హాళ్ళకీ దగ్గరి చుట్టరికం ఉందనిపిస్తుంది నాకు.

ఇప్పుడక్కడ కట్టే ఇళ్ళకి ఒక మూస ఏర్పడిపోయింది. తలుపు తీయగానే అడ్డం లేని పెద్ద హాలు. ఇటు సోఫాలు, అటు ఎనిమిదిమంది పట్టే డైనింగ్ టేబుల్, దాని వెనక ఓపెన్ కిచెన్. మధ్యలో గోడ అన్నది లేదు. ఇల్లు మరీ హోటల్ లాబీలా ఉండకుండా "ట్రెడిషనల్ టచ్" ఇస్తారు: ఇత్తడి గొలుసులకి వేలాడే ఉయ్యాల బల్ల, చెట్టినాడు నుంచి వచ్చిన టేకు స్తంభాలు, నీళ్ళలో పూలు తేలే గంగాళం, గోడ మీద కలంకారీ, పక్కనే ఫ్రేము కట్టిన చేర్యాల బొమ్మ, షెల్ఫులో కొండపల్లి అంబారీ ఏనుగు. చూడ్డానికి బాగుంటుంది. నిజంగానే బాగుంటుంది, వెటకారానికి అనడం లేదు. నన్ను తొలిచే ప్రశ్న వేరే. ఈ వస్తువులు ఏ ఇళ్ళలోంచి వచ్చాయో ఆ ఇళ్ళు నిలబడిందే గోడల మీద, గడపల మీద. గోడల్లేని గదిలోకొచ్చి అవి ఏం చేస్తున్నాయి? అసలు ఆ గోడ ఎక్కడికి పోయింది?

*

ముందు మండువా లోగిలి సంగతి చూద్దాం. నాలుగు వైపులా లోపలికి వాలిన పెంకుల కప్పు, నడిమధ్య ఆకాశం. వాన కురిస్తే నాలుగు చూరుల నీళ్ళూ మధ్య గుంటలోకి దిగి, తూములోంచి బయటికి పోతాయి. గాలీ వెలుతురూ అక్కణ్ణించే. ఈ ఖాళీని చూపించి "ఓపెన్ ప్లాన్ మనవాళ్ళకి ఎప్పుడో తెలుసు" అంటుంటారు ఇంటీరియర్ డిజైనర్లు. వాస్తు చెప్పేవాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి, ఇంటి నడుమ బ్రహ్మస్థానం ఖాళీగా ఉండాలి కాబట్టి ఓపెన్ హాలు శాస్త్రసమ్మతమే అంటారు.

సగమే నిజం. మండువా ఆకాశానికి తెరుచుకుందే గానీ మనుషులకి అంతగా తెరుచుకోలేదు. వీధి అరుగు దాకా వచ్చేవాళ్ళు కొందరు, పంచలో కూర్చునేవాళ్ళు కొందరు, నడవ దాటి మండువాలోకి రాగలిగేవాళ్ళు ఇంకొందరు. వంటింటి గడప సంగతి చెప్పనే అక్కర్లేదు. మడి కట్టుకున్న ఇంట్లో సొంత పిల్లలే ఆ గడప ఇవతల ఆగేవాళ్ళు. భోజనం వంటింటి పక్క వసారాలో, పీటల మీద, విస్తళ్ళలో. మగవాళ్ళూ పిల్లలూ ముందు, ఆడవాళ్ళు ఆఖర్న. తినేటప్పుడు పరాయివాళ్ళ కళ్ళు పడకూడదు. పొలంపని చేసి వచ్చినవాళ్ళకి పెరట్లో, వాళ్ళు తెచ్చుకున్న గిన్నెలోనో ఆకులోనో, తగలకుండా పైనుంచి వడ్డన. ఎవరు ఏ గడప దాక రావాలో ఎక్కడా రాసిపెట్టి లేదు, అందరికీ తెలుసు.

హైదరాబాద్ దేవిడీల్లోనూ లెక్క ఇలాంటిదే. బయటి మగవాళ్ళకి దివాన్‌ఖానా, ఇంటి ఆడవాళ్ళకి జనానా. ఒకే దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చుని కలిసి తినడం అక్కడ పెద్ద మర్యాద. ఆ విషయంలో దేవిడీ మన మండువా కన్నా ఒక మెట్టు ముందుంది. అయితే జనానా దస్తర్‌ఖాన్ వేరే గదిలో పరిచేవాళ్ళు.

అంటే వచ్చిన అతిథి ఎదురుగా, అతను కూర్చున్న గదిలోనే, ఆడా మగా కలిసి టేబుల్ దగ్గర తినడం మన రెండు సంప్రదాయాల్లోనూ లేదు. మరి అది మన కళ్ళకి అంత మామూలుగా ఎలా అలవాటైంది?

*

సినిమా సెట్టు అలవాటు చేసిందని నా వాదన.

స్టూడియో ఫ్లోరు మీద వేసే ఇంటికి రెండు లోట్లుంటాయి. కెమెరా కోసం ఒక వైపు గోడ ఉండదు, లైట్ల కోసం పైన కప్పు ఉండదు. మిగతా గోడలు కూడా చెక్క ఫ్రేముకి కొట్టిన పలకలే. అడ్డమనిపిస్తే ఊడదీసి పక్కన పెట్టొచ్చు. ఇక కుటుంబ కథ అంటే పదిమంది పాత్రలు ఒకే చోట చేరాలి. తండ్రి సోఫాలో పేపరు చదువుతుండాలి, తల్లి టేబుల్ దగ్గర వడ్డిస్తుండాలి, అల్లుడు వీధి గుమ్మంలోంచి లోపలికి రావాలి, హీరో మెట్లు దిగాలి, టెలిఫోను మోగాలి. ఒకరి మాట ఇంకొకరి మొహంలో కనిపించాలంటే మధ్యలో గోడలు పనికిరావు. నిజం ఇంట్లో ఐదు చోట్ల జరిగే సంసారాన్ని సెట్టు ఒక్క చోటికి తెచ్చి పడేసింది. ఆ చోటే మన సినిమా హాలు, అంటే సినిమాలోని హాలు.

మద్రాసు రోజుల్లో ఈ ఇళ్ళని గీసినవాళ్ళు మామూలు మనుషులు కారు. విజయావారి సినిమాలకి కళాదర్శకులుగా పనిచేసిన మాధవపెద్ది గోఖలే, కళాధర్ జంట 'మాయాబజార్' (1957)కి పురాణ నగరాలు కట్టారు, 'గుండమ్మ కథ' (1962)కి మనుషుల ఇల్లు కట్టారు. 1971లో డి. రామానాయుడు తీసిన 'ప్రేమనగర్' నాటికి జమీందారీ హాలు ఒక పాత్ర స్థాయికి ఎదిగింది. ఆ కథ కోడూరి కౌసల్యాదేవి నవల. ఇది యాదృచ్ఛికం కాదు. అరవైలు, డెబ్భైల్లో పాఠకురాళ్ళు పెద్దపెద్ద హాళ్ళని సినిమాలో ఎంత చూశారో నవలల్లోనూ అంతే చదివారు. యద్దనపూడి సులోచనారాణి నవలలు చదివినవాళ్ళలో చాలామంది రెండు గదుల అద్దె ఇళ్ళలో ఉండేవాళ్ళు. పరదాలు, పూలకుండీలు, సోఫాలు అన్నీ ముందు మనసులో అమర్చుకున్నారు. ఆ నవలల్లో ఒకటైన 'సెక్రటరీ'ని 1976లో సినిమాగా తీసిందీ రామానాయుడే.

ఈలోగా హైదరాబాద్‌లో భూమి సిద్ధమవుతోంది. 1960లలో చల్లగళ్ళ నరసింహారావు ముందుండి నడిపిన జూబ్లీహిల్స్ కోఆపరేటివ్ హౌస్ బిల్డింగ్ సొసైటీ ఊరికి దూరంగా ఉన్న రాళ్ళగుట్టల్ని ప్లాట్లుగా మార్చింది. అమీర్‌పేటలో సారథి స్టూడియో అప్పటికే ఉంది. 1976లో అక్కినేని నాగేశ్వరరావు బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియోస్ తెరిచారు. తర్వాత కృష్ణ పద్మాలయా, రామానాయుడు స్టూడియోస్ ఆ గుట్టల మీదికే వచ్చాయి. సినిమావాళ్ళ ఇళ్ళ స్థలాలతో ఫిల్మ్‌నగర్ ఏర్పడింది. మద్రాసు నుంచి పరిశ్రమ మొత్తం మెల్లగా ఇక్కడికి చేరింది.

ఇక్కడ ఇళ్ళు కట్టుకున్నది ఎవరో గమనించండి. సెట్టు హాళ్ళలో జీవితం గడిపినవాళ్ళు, ఆ హాళ్ళని తెర మీద చూస్తూ పెరిగినవాళ్ళు. పైగా కట్టిన బంగళాలు షూటింగులకి అద్దెకి పోవడం మొదలైంది. ట్రాలీ పట్టాలు వేసుకోగలిగినంత హాలుంటే ఇంటికి అదో ఆదాయం. సెట్టుని చూసి ఇల్లు కట్టారు, ఆ ఇల్లే మళ్ళీ సెట్టయింది.

ట్రెడిషనల్ టచ్ వచ్చిన దారి కూడా ఇదే. 2000 తర్వాత తెలుగు సినిమా ఊరి పెద్దింటిని మళ్ళీ తలుచుకుంది. 'మురారి' (2001), 'అతడు' (2005), 'సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు' (2013) వరుసగా గుర్తు చేసుకోండి. స్తంభాలు, వసారా, వాకిట్లో ముగ్గు, ఇంటినిండా చుట్టాలు. సరిగ్గా ఆ ఏళ్ళలోనే కోనసీమలో, కృష్ణా జిల్లాలో అలాంటి ఇళ్ళు ఒక్కొక్కటే కూలుతున్నాయి. అన్నదమ్ముల వాటాలు తెగక కొన్ని, చూసుకునేవాళ్ళు అమెరికా వెళ్ళిపోయి కొన్ని. ద్వారబంధాలు, దూలాలు, స్తంభాలు కలప లెక్కన అమ్ముడై లారీలెక్కాయి. వాటిలో కొన్ని పాలిష్ పట్టించుకుని జూబ్లీహిల్స్ హాళ్ళలో దిగాయి. ఊళ్ళో ఇల్లు పోయినవాళ్ళకి ఆ స్తంభం మీద చెయ్యి వేస్తే ఏదో తిరిగొచ్చినట్టుంటుంది. దాన్ని నేను తక్కువ చెయ్యను.

*

కానీ వస్తువు వచ్చినప్పుడు దాని చరిత్ర మొత్తం రాదు. చేర్యాల బొమ్మనే తీసుకోండి. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ కుటుంబాలు ఖద్దరు గుడ్డకి చింతగింజల అంబలి, సుద్ద పట్టించి, ఎర్రటి నేల మీద బొమ్మలు వేసేవి. అది గోడకి తగిలించుకునే బొమ్మ కాదు. మూడడుగుల వెడల్పున గజాల పొడుగున సాగే పటం. కూనపులివాళ్ళు పద్మశాలీలకి మార్కండేయ పురాణం, గౌడజెట్టివాళ్ళు గౌడలకి గౌడ పురాణం, ఆ పటం విప్పుకుంటూ రాత్రుళ్ళు చెప్పేవాళ్ళు. ఒక కులం తన పుట్టుక కథని తన వీధిలో తను వినే సందర్భం అది. ఆ పటాన్ని పట్టుకుని తిరిగినవాళ్ళకి పెద్దిళ్ళ మండువాల్లో చోటెక్కడిది? ఇప్పుడు అందులోంచి ఒక్క దృశ్యాన్ని, కల్లు గీసే మనిషినో నేత నేసే ఇల్లాలినో, ఫ్రేము కట్టి హాల్లో పెట్టుకున్నాం. నకాషీ కళాకారులకి బతుకుతెరువు దొరికింది, అది మంచిదే. కథ చెప్పేవాళ్ళకి మాత్రం ఆ ఫ్రేములో భాగం దక్కలేదు.

గంగాళం కూడా అంతే. పొద్దున్నే లేచి దాన్నిండా నీళ్ళు తోడి పోసినవాళ్ళెవరో, చింతపండు పెట్టి తోమినవాళ్ళెవరో పూలు తేలే నీళ్ళలో కనపడరు.

ఇక్కడ అమెరికా ఉదాహరణ ఒకటి పనికొస్తుంది. వంటగదిని హాలువైపు తెరవడం అక్కడెందుకు వచ్చింది? ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1937లో విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్‌లో జేకబ్స్ కుటుంబానికి చిన్న ఇల్లు ఒకటి కట్టాడు. ఖర్చు 5,500 డాలర్లు. నౌకర్లు లేని ఇల్లది. వంట చేసే ఇల్లాలు ఒంటరిగా గోడల మధ్య ఉండిపోకుండా, పిల్లల్ని చూసుకుంటూ, వచ్చినవాళ్ళతో మాట్లాడుతూ పని చేసుకోవాలని వంటచోటుని హాలు పక్కకి తెచ్చాడు. పనిమనిషి వెళ్ళిపోయాక గోడ పోయిందన్న మాట.

మనకి పనిమనిషి ఉండగానే గోడ పోయింది. అందుకే పూర్తిగా పోలేదు. జూబ్లీహిల్స్ ఇంటి ప్లాను చూస్తే ఓపెన్ కిచెన్ వెనకాల ఇంకో వంటగది ఉంటుంది. వెట్ కిచెన్ అంటారు. ముందున్న దాంట్లో కాఫీ మెషీను, పాలరాతి గట్టు. వెనకదాంట్లో తాళింపు, చేపల పులుసు, గ్రైండర్ మోత, గిన్నెలు తోమే చోటు, పనివాళ్ళు వచ్చిపోయే విడి తలుపు. తాళింపు ఘాటు సోఫాలకి పట్టకూడదన్న కారణం సబబైనదే. కానీ ఘాటుతోపాటు మనిషి కూడా ఆ గోడ వెనక్కే వెళ్ళింది. పొద్దున్నే ఫిల్మ్‌నగర్ బస్తీల్లోంచి నడిచి వచ్చి వంట చేసి, ఆ ఎనిమిది కుర్చీల టేబుల్‌ని రోజూ తుడిచే ఆవిడ తన అన్నం ఎక్కడ కూర్చుని తింటుంది? పెరటి గడపకి కొత్త పేరొచ్చింది, యుటిలిటీ ఏరియా అని. నేను అడిగిన గోడ అక్కడుంది.

*

ఈ గుట్టలకి తమదైన సంప్రదాయం ఒకటుంది. అది కారైకుడి నుంచీ కోనసీమ నుంచీ రావక్కర్లేదు. బండరాయి. మెహదీ నవాజ్ జంగ్ బంజారాహిల్స్‌లో రాళ్ళ మధ్య, రాళ్ళని కలుపుకుని ఇల్లు కట్టుకున్నాడు. తర్వాతి తరంలో నరేంద్ర లూథర్ కూడా బండని పగలగొట్టకుండా దాన్ని ఇంట్లో భాగం చేసుకున్నాడు. ఇక్కడి రాళ్ళ కోసం సొసైటీ టు సేవ్ రాక్స్ పనిచేసిందంటే అందులో ఆయన పాత్ర పెద్దది. ఆ పద్ధతిలో పైనుంచి తెచ్చి అతికించేది ఏమీ లేదు. స్థలంలో ముందునుంచీ ఉన్నదానికి చోటివ్వడమే. మిగతావాళ్ళం డైనమైట్ పెట్టి రాయి తీసేసి, ఆ చోట గ్రానైట్ పలకలు పరుచుకున్నాం.

మండువా ఇంట్లోంచి మనం తెచ్చుకోనిది కూడా ఒకటుంది. స్తంభాలొచ్చాయి, ఉయ్యాలొచ్చింది, అద్దాల కప్పు కింద ఉత్తుత్తి మండువా కూడా వచ్చింది. అరుగు రాలేదు. ఆ ఇల్లు మొత్తంలో బయటివాళ్ళ కోసం కట్టిన భాగం అదొక్కటే. దాని మీదా అందరికీ సమానంగా చోటు లేదు, ఆ మాట దాచడానికి లేదు. అయినా ఎండన పడి వచ్చిన బాటసారి అడక్కుండా కూలబడటానికి, ముసలాళ్ళు సాయంత్రాలు గడపడానికి, పిల్లలకి బళ్ళు నడవడానికి ఇల్లు వీధికి ఇచ్చిన జాగా అది. ఏ డిజైనర్ బొమ్మలోనూ నాకిప్పటిదాకా అది కనపడలేదు.

జూబ్లీహిల్స్ రోడ్ల మీద నడిస్తే గేటు గేటుకీ బయట ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంటుంది. ఒక కాలు విరిగితే ఇటుక ఆనించి ఉంటుంది. వాచ్‌మన్ దాంట్లో కూర్చుంటాడు. పక్కింటి డ్రైవరు వస్తే లేచి, కుర్చీ అతనికిచ్చి, తను గేటు పక్క దిమ్మ మీద సర్దుకుంటాడు. ఇద్దరూ చాయ్ తాగుతారు.