పిల్లి మూత్రములో రాళ్ళు

పిల్లి పూర్వికులు ఎండుభూముల జీవులు. నీరు తక్కువ త్రాగి మూత్రమును చిక్కగా విసర్జించుట వాటి స్వభావము. ఎలుక శరీరములోనే మూడింట రెండు వంతులు నీరు కదా! ఇరువదవ శతాబ్దిలో అమెరికాలో వ్యాపించిన ఎండు మేతలో నీరు పదోవంతు మాత్రమే.

మగపిల్లి మూత్రనాళము చాల సన్ననిది. ఇసుకవంటి స్ఫటికములు దానికి అడ్డుపడి మూత్రము పూర్తిగా నిలిచిపోయినచో రెండు మూడు దినములలో ప్రాణము పోవును. ఈ నేరమును మొదట మేతలోని ఖనిజముల బూడిదపై, పిదప ఒక్క మెగ్నీషియంపై మోపిరి. 1980 దశకములో మెగ్నీషియం తగ్గించి, మూత్రమునకు పులుపుగుణము వచ్చునట్లు మేతను మార్చిరి. స్ట్రువైట్ రాళ్ళు తగ్గినవి. చిక్కు అక్కడితో తీరలేదు!

కార్ల్ ఆస్బోర్న్ 1981లో మిన్నెసోటా విశ్వవిద్యాలయమున రాళ్ళ పరీక్షా కేంద్రమును స్థాపించెను. ఆ ఏట చూచిన పిల్లి రాళ్ళలో స్ట్రువైట్ 78 శాతము, కాల్షియం ఆక్సలేట్ 2 శాతము. ఇరువది ఏండ్లు తిరుగునప్పటికి ఆక్సలేట్‌దే పైచేయి అయినది. స్ట్రువైట్ మేతతో కరగును. ఆక్సలేట్ కరగదు, శస్త్రచికిత్స చేసి తీయవలసినదే.

అసలు రాయి గాని, సూక్ష్మజీవి గాని లేకయే బాధపడు పిల్లులు అనేకము. అట్టివాటికి దాగు చోటు, ఆట, శుభ్రమైన మలమూత్రపు తొట్టి కల్పించినచో బాధ తగ్గుచున్నదని 2006లో ఒహైయో పరిశోధకులు ప్రకటించిరి.