పాచికల బల్ల మీద పుట్టిన వీరులు

ఆటల పెట్టెలు అమ్ముకునే ఒక అమెరికన్ కంపెనీ వాటికి ప్రచారంగా ఉంటాయని నవలలు వేసింది. ఆ నవలలు ఆటను దాటిపోయి లక్షల మంది పాఠకులను సంపాదించుకున్నాయి. ‘డ్రాగన్‌లాన్స్’ కథ ఇది.

1980ల తొలి సగంలో, అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, లేక్ జెనీవా అనే చిన్న ఊళ్లో ఆటల రూపకర్త ట్రేసీ హిక్‌మన్ ఇంట కొందరు మిత్రులు బల్ల చుట్టూ చేరి ఒక కొత్త ఆటను పరీక్షిస్తున్నారు. తలా ఒక పాత్ర పంచుకున్నారు. టెర్రీ ఫిలిప్స్‌కు రెయిస్ట్‌లిన్ అనే యువ మాంత్రికుడి పాత్ర వచ్చింది. కాగితం మీద ఆ పాత్ర గురించి ఉన్నది కాసిన్ని అంకెలూ నాలుగు ముక్కలూ మాత్రమే. ఆట మధ్యలో హిక్‌మన్ ఏదో అడిగితే ఫిలిప్స్ గొంతు తగ్గించి, బొంగురుగా, రోగిష్టి మనిషి గుసగుసలాడినట్టు జవాబిచ్చాడు. ఆ క్షణంలో రెయిస్ట్‌లిన్‌కు ప్రాణం వచ్చింది. ఆ తర్వాత వచ్చిన నవలల్లో ఆ మాంత్రికుడు అదే గొంతుతో మాట్లాడాడు.

బల్ల మీద ఆడే ఆటల నుంచి పుట్టిన సాహస నవలలను విమర్శకులు చాలాకాలం పట్టించుకోలేదు. బొమ్మల పెట్టెతో పాటు అంటగట్టే సరుకుగా చూశారు. కొంతవరకు అది నిజమే. అయితే ఆ సరుకులో కొన్ని పుస్తకాలు నలభై ఏళ్లుగా చదివిస్తూనే ఉన్నాయి. అవి నిలవడానికి కారణం ఆట నియమాలు కావు, ఆ బల్ల చుట్టూ కూర్చున్న మనుషులు.

హరికథలో శ్రోతలు లేచి నిలబడితే

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి తయారుచేసిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ 1974లో బజారులోకి వచ్చింది. గైగాక్స్ తన మిత్రుడు డాన్ కేతో కలిసి అంతకు ముందు ఏడాది పెట్టిన టీఎస్ఆర్ కంపెనీ దాన్ని ప్రచురించింది. ఒక పెట్టె, అందులో మూడు చిన్న పుస్తకాలు. తొలి ముద్రణ 1000 ప్రతులు.

ఈ ఆటకు చదరంగంలా గళ్ల పలక అక్కర్లేదు. ఒకరు కథ నడుపుతారు. ఆయన్ని డంజన్ మాస్టర్ అంటారు. చీకటి గుహ, దాని ముందు కాపలా ఉన్న రాక్షసుడు, లోపల దాచిన నిధి అన్నీ ఆయన మాటల్లోనే కళ్లకు కడతాయి. మిగతావాళ్లు యోధుడు, మాంత్రికుడు, దొంగ, పూజారి వంటి పాత్రలు తీసుకుని తామేం చేస్తామో చెబుతారు. హరికథ వింటున్న శ్రోతలు మధ్యలో లేచి, ఇక్కడ కథానాయకుడు ఏం చేయాలో మేమే చెబుతాం అన్నట్టుంటుంది. కత్తి తగిలిందా, మంత్రం పారిందా అన్నది పాచికలు తేలుస్తాయి. వాటిలో ఇరవై ముఖాల పాచిక ఈ ఆటకు గుర్తుగా మారిపోయింది. పాచిక ఎలా పడుతుందో ఎవరికీ తెలియదు కాబట్టి, కథ ఏ మలుపు తిరుగుతుందో దాన్ని నడిపేవాడికీ తెలియదు.

ఇలాంటి ఆట నుంచి నవల రాయాలన్న ఆలోచన త్వరగానే వచ్చింది. ప్రసిద్ధ రచయిత్రి ఆండ్రే నార్టన్ 1976లో గైగాక్స్ నడిపిన ఆటలో కూర్చున్నారు. ఆ అనుభవంతో రాసిన ‘క్వాగ్ కీప్’ 1978లో వెలువడింది. ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆధారంగా వచ్చిన తొలి నవల అదే. మన లోకంలో ఆట ఆడుకుంటున్న కొందరు ఆ ఆట లోకంలోకి వెళ్లిపడతారు. వాళ్ల ముంజేతులకు పాచికలు పొదిగిన కంకణాలు ఉంటాయి. ప్రమాదం ముంచుకొచ్చినప్పుడల్లా ఆ పాచికలు వాటంతటవే తిరుగుతాయి. నార్టన్ పాచికలను కథలోకి నేరుగా తెచ్చారు. దాంతో పాఠకుడికి ఆట కళ్ల ముందు నుంచి కదలదు, మనుషులు మాత్రం వెనకబడిపోతారు. ఆటనూ నవలనూ కలిపే దారి ఇంకా దొరకలేదు.

గుహలు సరే, డ్రాగన్లేవి?

ఆ దారి వేసినవాళ్లు ట్రేసీ హిక్‌మన్, ఆయన భార్య లారా, మార్గరెట్ వైస్. హిక్‌మన్ దంపతులది యూటా రాష్ట్రం. ఇద్దరూ ఆటల రూపకర్తలే. డబ్బుకు కటకటగా ఉన్న రోజుల్లో పిల్లలకు బూట్లు కొనడానికి తాము రాసిన ఆటలను టీఎస్ఆర్‌కు అమ్మజూస్తే, కంపెనీ ట్రేసీకి ఉద్యోగమే ఇచ్చింది. అది 1982. కొత్త ఉద్యోగం కోసం లేక్ జెనీవాకు కారులో వెళ్తుండగా, దారిలో భార్యాభర్తలు కబుర్లాడుకుంటూ ఒక లోకాన్ని ఊహించారు. డ్రాగన్లు రాజ్యమేలే లోకం అది.

కంపెనీలోనూ అప్పుడు అదే మాట నడుస్తోంది. తమ ఆటల్లో గుహలు బోలెడున్నాయి, డ్రాగన్లే తక్కువయ్యాయని మార్కెటింగ్ విభాగం గుర్తించింది. ‘ప్రాజెక్ట్ ఓవర్‌లార్డ్’ అనే గుప్తనామంతో పని మొదలైంది. హెరాల్డ్ జాన్సన్, చిత్రకారుడు లారీ ఎల్మోర్ వంటివారు జట్టులో చేరారు. పుస్తకాల విభాగానికి సంపాదకురాలిగా 1983లో చేరిన మార్గరెట్ వైస్ కూడా ఇందులోకి వచ్చారు. ఆ లోకానికి క్రిన్ అని పేరు పెట్టారు. ఒకే పెద్ద కథను వరసగా చెప్పే డజనుకు పైగా ఆట పుస్తకాలు, వాటితో పాటు నవలలు, బొమ్మల క్యాలెండర్లు వేయాలన్నది పథకం.

క్రిన్ ప్రత్యేకత దేవుళ్ల దగ్గర ఉంది. మామూలు ఆటలో పూజారి పాత్ర గాయాలను మంత్రంతో మాన్పేస్తుంది. క్రిన్‌లో మూడు వందల ఏళ్ల కిందట మహా ప్రళయం వచ్చింది. దేవుళ్లు మనుషులను విడిచి వెళ్లిపోయారు. గాయం మాన్పగల పూజారులు లేరు. బంగారానికి విలువ పోయి ఉక్కు నాణేలు చలామణి అవుతున్నాయి. అలాంటి లోకంలో గోల్డ్‌మూన్ అనే గిరిజన యువరాణి చేతిలో గాయాలు మాన్పే నీలి స్ఫటిక దండం కనబడితే ఎంత కలకలం రేగుతుందో ఊహించండి. ఆటలో ఒక సౌకర్యంగా ఉన్న దానిని తీసేసి, ఆ లేమి చుట్టూనే కథ అల్లారు. మోర్మన్ మతస్థుడైన హిక్‌మన్ యువకుడిగా ఇండోనేషియాలో మతసేవ చేసి వచ్చారు. విశ్వాసం పోగొట్టుకున్న సమాజం ఎలా ఉంటుందన్న ప్రశ్న ఆయనకు ఆషామాషీది కాదు.

శని, ఆదివారాల్లో ఐదు అధ్యాయాలు

నవల రాసే పనిని కంపెనీ మొదట బయటి రచయితకు అప్పగించింది. అది కుదరలేదు. అప్పటికే ఆ పాత్రలతో నెలల తరబడి కాపురం చేస్తున్న వైస్, హిక్‌మన్‌లకు వేరే ఎవరో వాటిని రాయడం మింగుడుపడలేదు. ఒక వారాంతంలో కూర్చుని తొలి ఐదు అధ్యాయాలు రాసేశారు. పుస్తకాల విభాగం నడుపుతున్న జీన్ బ్లాక్ చేతికిచ్చారు. పని వాళ్లకే దక్కింది. 1984లో ‘డ్రాగన్స్ ఆఫ్ ఆటమ్ ట్వైలైట్’ వెలువడింది. మిగతా రెండు భాగాలు, ‘డ్రాగన్స్ ఆఫ్ వింటర్ నైట్’, ‘డ్రాగన్స్ ఆఫ్ స్ప్రింగ్ డానింగ్’ 1985లో వచ్చాయి.

తొలి నవలలో ఆట వాసన ఇంకా కొడుతూనే ఉంటుంది. పాత మిత్రులు ఒక పూటకూళ్ల ఇంట్లో కలుస్తారు. మనుషుల్ని పోలిన ఎల్ఫ్ అనే కల్పిత జాతి రక్తం సగమున్న టానిస్, గౌరవం కోసం ప్రాణమిచ్చే వీరుడు స్టర్మ్, కవలలు రెయిస్ట్‌లిన్, కారమన్, మరుగుజ్జు ఫ్లింట్, భయమంటే ఎరగని అల్లరివాడు టాసిల్‌హాఫ్. గుహలోకి దిగుతారు, పోరాడతారు, బయటపడతారు, ఇంకో గుహలోకి దిగుతారు. ఆట పుస్తకంలో ఏ గది తర్వాత ఏ గది ఉందో నవలలోనూ చాలాచోట్ల అదే వరస.

రెండో నవలలో రచయితలు తెగించారు. ఆట పుస్తకాల్లో మరుగుజ్జుల రాజ్యంలో మహిమ గల సుత్తిని వెతికే పెద్ద సాహసం ఉంది. నవలలో దాన్ని పూర్తిగా దాటేశారు. కథ మొదలయ్యేసరికి ఆ సాహసం ముగిసిపోయి ఉంటుంది. ఆట పుస్తకాల్లోని మంచు గోడ యాత్రదీ అదే గతి. ఆటలో రోజుల తరబడి ఆడాల్సిన ఘట్టాలను ఇలా పక్కకు నెట్టి, మిగిలిన చోటు మనుషులకు ఇచ్చారు. టానిస్‌కు తన రెండు రక్తాల మధ్య, ఇద్దరు స్త్రీల మధ్య జరిగే పెనుగులాట, అన్నదమ్ముల మధ్య ప్రేమా ద్వేషమూ, కోట గోడ మీద ఒంటరిగా నిలబడిన స్టర్మ్ మరణం. వదిలేసిన ఆ రెండు సాహసాలనూ ఇరవై ఏళ్లు దాటాక 2006, 2007 సంవత్సరాల్లో విడి నవలలుగా రాశారు.

స్టర్మ్ చావులోనే ఆటకూ నవలకూ ఉన్న తేడా తేటపడుతుంది. ఆటలో పాత్ర చచ్చిపోతే ఆటగాడు కొత్త కాగితం తీసి ఇంకో పాత్ర రాసుకుంటాడు. నవలలో ఆ వెసులుబాటు లేదు. ఆ తర్వాతి పుటల్లో మిత్రులందరూ ఆ లోటును మోయాలి, చదివేవాడూ మోయాలి.

1986లో వచ్చిన ‘లెజెండ్స్’ మూడు నవలల సమయానికి అనుసరించాల్సిన ఆట పుస్తకమే లేదు. ప్రపంచాన్ని కాపాడే గుంపు కథను పక్కన పెట్టి, ఇద్దరు కవలల చుట్టూనే కథ నడిపారు. దేవుడు కావాలనుకున్న తమ్ముడు, తాగుడులో మునిగిన అన్న. ఎల్మోర్ బొమ్మల్లో రెయిస్ట్‌లిన్‌కు బంగారు ఛాయ చర్మం, ఇసుక గడియారం ఆకారంలో కంటిపాపలు ఉంటాయి. ఆ కళ్లకు ఏది చూసినా ముసలిదై, వాడిపోయి, చచ్చిపోతున్నట్టే కనిపిస్తుంది. అంతటా చావునే చూసేవాడికి జాలి ఎలా మిగులుతుంది? ఇలాంటి ప్రశ్న పాచికలతో తేలేది కాదు. ఈ వరసలో అత్యుత్తమమైనవి ‘లెజెండ్స్’ మూడు పుస్తకాలేనని నా నిశ్చితాభిప్రాయం.

జపాన్‌లో మరో బల్ల

సరిగ్గా అదే ఏడాది, 1986లో, జపాన్‌లోని ‘కాంప్‌టిక్’ పత్రిక కొత్త శీర్షిక మొదలుపెట్టింది. ర్యో మిజునో అనే యువకుడు మిత్రులతో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ నడిపితే, ఆ సంభాషణను నాటకంలా అచ్చేసేవారు. జపాన్‌లో వీటిని ‘రీప్లే’ అంటారు. ఆట నేర్పడానికి మొదలైన శీర్షికను పాఠకులు ధారావాహికలా ఎదురుచూసి చదివారు. మిజునో దాన్నే ‘రికార్డ్ ఆఫ్ లోడోస్ వార్’ నవలలుగా మలిచాడు. మొదటిది 1988లో వచ్చింది, 1990లో యానిమేషన్ అయింది.

అందులో డీడ్‌లిట్ అనే ఎల్ఫ్ యువతి జపాన్ పాఠకుల గుండెల్లో స్థిరపడిపోయింది. ఆ పాత్రను బల్ల దగ్గర ఆడింది హిరోషి యమమోటో అనే మగ రచయిత. యుటకా ఇజుబుచి ఆమెకు గీసిన పొడవాటి చెవులు తర్వాతి జపాన్ ఎల్ఫ్ బొమ్మలకు ఒరవడి అయ్యాయి. రెయిస్ట్‌లిన్ గొంతు లాగే డీడ్‌లిట్ స్వభావం కూడా ఆట మధ్యలో ఒక ఆటగాడు ఇచ్చిన కానుకే.

లేక్ జెనీవాలోనూ ఇలాంటి యాదృచ్ఛికం ఇంకోటి జరిగింది. కెనడా రచయిత ఎడ్ గ్రీన్‌వుడ్ చిన్ననాటి నుంచి ఊహించుకున్న ‘ఫర్గాటెన్ రెల్మ్స్’ లోకాన్ని టీఎస్ఆర్ కొని 1987లో విడుదల చేసింది. అందులో నవల రాసే అవకాశం ఆర్.ఎ. సాల్వటోర్‌కు దక్కింది. కథానాయకుడికి తోడుగా ఒక పాత్ర కావాలని సంపాదకురాలు మేరీ కిర్‌కాఫ్ ఫోన్‌లో తొందరపెడితే, అప్పటికప్పుడు నోటికొచ్చినట్టు ఒక నల్ల ఎల్ఫ్ పేరు చెప్పాడు. అతడే డ్రిజ్ట్. 1988లో ‘ద క్రిస్టల్ షార్డ్’లో పక్కపాత్రగా అడుగుపెట్టి, అసలు నాయకుడిని వెనక్కి నెట్టేశాడు. క్రూరులుగా ముద్రపడ్డ జాతిలో పుట్టి, ఆ క్రౌర్యాన్ని కాదని ఒంటరిగా వెళ్లిపోయినవాడు. ఆటలో అతని జాతి చంపాల్సిన శత్రువుల జాబితాలో ఉంటుంది. నవల ఆ జాబితాలోంచి ఒకణ్ని బయటికి పిలిచి పేరు పెట్టి మాట్లాడించింది.

కంపెనీ మునిగింది, పాత్రలు మిగిలాయి

విజయం తర్వాత వరద వచ్చింది. 1990ల్లో టీఎస్ఆర్ ఏటా గుట్టలకొద్దీ నవలలు, ఆట పెట్టెలు దించింది. నాణ్యత పలచబడింది. అమ్ముడుపోని పుస్తకాలు పంపిణీదారైన ర్యాండమ్ హౌస్ నుంచి వెనక్కి వచ్చి పడ్డాయి. అప్పుల్లో కూరుకుపోయిన కంపెనీని 1997లో విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కొనుక్కుంది. లోకాల మీద, పాత్రల మీద హక్కులన్నీ కంపెనీవే. ప్రాణం పోసిన రచయితలు కొత్త కథ రాయాలన్నా యజమాని అనుమతి కావాలి. 2020లో వైస్, హిక్‌మన్ విజర్డ్స్ మీద కోర్టు మెట్లెక్కారు. ఆ ఏడాది చివరికే దావా ఉపసంహరించుకున్నారు. 2022లో వాళ్ల కొత్త డ్రాగన్‌లాన్స్ నవల వెలువడింది.

కంపెనీల నీడ బయట కూడా ఈ దారి సాగింది. రేమండ్ ఫైస్ట్ 1982లో వెలువరించిన ‘మెజీషియన్’ లోకం శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ మిత్రుల ఆటలో పుట్టింది. స్టీవెన్ ఎరిక్సన్, ఇయాన్ ఎస్లెమాంట్ 1980ల్లో కలిసి ఆడుకున్న ఆట ‘మలాజన్’ మహా నవలావళిగా ఎదిగింది. 2015లో మొదలైన ‘క్రిటికల్ రోల్’లో కంఠనటులు కెమెరా ముందు ఆడిన ఆట 2022లో ‘ద లెజెండ్ ఆఫ్ వాక్స్ మెషినా’ పేరుతో యానిమేషన్ ధారావాహిక అయింది.

వీటన్నిటా తేలే సంగతి ఒకటే. ఒంటరి రచయిత తన పాత్రలకు ఎంత స్వేచ్ఛ ఇచ్చానని అనుకున్నా పగ్గాలు తన చేతిలోనే ఉంటాయి. బల్ల దగ్గర అలా కాదు. ఎదుటి మనిషి ఏం మాట్లాడతాడో తెలియదు, పాచిక ఏ వైపు పడుతుందో తెలియదు. ఆ అనూహ్యతను గౌరవించి, అందులో దొరికిన మనిషిని పట్టుకున్నవాళ్లే మంచి నవల రాయగలిగారు. ఎన్ని గదులు, ఎన్ని రాక్షసులు అని లెక్కేసుకుంటూ రాసిన పుస్తకాలను కాలం పక్కన పెట్టేసింది.

ఈ సాహిత్యం రుచి చూడాలనుకుంటే ‘డ్రాగన్స్ ఆఫ్ ఆటమ్ ట్వైలైట్’తో మొదలుపెట్టండి. మొదటి సగం పాతబడినట్టు, ఎక్కడో చదివినట్టు అనిపించవచ్చు. అక్కడ ఆగిపోకండి. స్టర్మ్ కోట గోడ దాకా, అక్కడి నుంచి ‘లెజెండ్స్’ దాకా ఓపిగ్గా చదవండి. ఆ తర్వాత ఇవి వట్టి ఆట పుస్తకాలని ఎవరైనా అంటే, మీరే జవాబు చెప్పగలుగుతారు.