ఇంజిన్‌కు గాలి దారి: మెట్ట దుమ్ము నుంచి కొల్లేటి నీటి దాకా

ఏలూరుకు ఉత్తరాన మెట్ట, దక్షిణాన కొల్లేరు. ఒకవైపు ఎర్రమట్టి దుమ్ము, మరోవైపు నీళ్లు. ఇక్కడ తిరిగే బండి ఈ రెండింటినీ తప్పించుకుంటూ గాలి పీల్చుకోవాలి. పాత ఎంపీఎఫ్ఐ (కంప్యూటర్ లెక్కతో పెట్రోలు చిమ్మే) కారుకు ఇంటి దగ్గరే కోన్ ఫిల్టరూ పీవీసీ పైపూ బిగించి పికప్ పెంచుదామనుకునేవాళ్లు, ఇంజిన్‌కు గాలి వెళ్లే దారి ఇప్పుడున్న రూపానికి ఎలా వచ్చిందో తెలుసుకుని పని మొదలుపెట్టాలి.

మొదట్లో దుమ్మే పెద్ద బెడద. దానికి విరుగుడుగా జీపుల్లో, ట్రాక్టర్లలో ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ పెట్టారు. గాలి గిన్నెలోని నూనె మీదికి దిగి గభాలున పైకి మళ్లుతుంది. బరువైన ధూళి మళ్లలేక నూనెలో పడుతుంది, మిగిలింది తీగల జాలీకి అంటుకుంటుంది. నూర్పిళ్లయ్యాక గిన్నె విప్పితే అడుగున చిక్కటి బురద కనిపిస్తుంది. డీజిల్‌తో కడిగి, గీత దాకా కొత్త నూనె పోయాలి. గీత దాటితే ఇంజిన్ ఆ నూనె కూడా తాగి పొగ వదులుతుంది. చాలా ట్రాక్టర్లలో గాలి నోరు బానెట్ మీదికి నిలువుగా లేచి ఉండేదీ దుమ్ము వల్లే. పైన గాలి శుభ్రంగా ఉంటుంది.

అంబాసిడర్ల కాలంలోనూ, 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాకా కార్లలో కార్బొరేటర్‌దే రాజ్యం. గాలి దారి మారిస్తే జెట్ మార్చాలి, మిక్చర్ స్క్రూ తిప్పాలి. తర్వాత ప్లగ్ విప్పి చూస్తే సంగతి తెలిసిపోతుంది. తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదు, నల్లటి మసి ఉంటే ఎక్కువైంది, లేత గోధుమరంగైతే సరిపోయింది. మెకానిక్ చెవికీ చేతికీ అంత పని ఉన్న కాలం మళ్లీ రాలేదు.

ఆ పనిని కంప్యూటర్‌కు అప్పగించడం 1967లోనే జర్మనీలో మొదలైంది. బాష్ కంపెనీ డీ-జెట్రానిక్ పేరుతో, మానిఫోల్డ్‌లోని గాలి ఒత్తిడిని కొలిచి పెట్రోలు చిమ్మే పద్ధతిని ఫోక్స్‌వ్యాగన్ 1600 కారుకు అమర్చింది. మన దగ్గర 1998లో సాంత్రో, మాటిజ్ ఎంపీఎఫ్ఐతో వచ్చాయి. 1999 ఏప్రిల్‌లో ఢిల్లీ కాలుష్యంపై సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం, 2000లో దేశమంతా అమలైన ఉద్గార నియమాలు మిగతా కంపెనీలను కూడా అటు నడిపించాయి. ఢిల్లీ పొగ మీద వచ్చిన తీర్పు ఏలూరు షెడ్డులో పనితీరునే మార్చింది.

ఇప్పుడు కోన్ ఫిల్టర్ పెడితే ఏమవుతుంది? ఆక్సిజన్ సెన్సర్ ఉన్న కారులో కంప్యూటర్ గాలి-పెట్రోలు నిష్పత్తిని మామూలు నడకలో మళ్లీ 14.7:1 దగ్గరికే తెచ్చేస్తుంది. ఫిల్టర్ ఉండే కంపెనీ డబ్బా తీసేసినందుకు చప్పుడు పెరుగుతుంది, దాన్నే బలం అనుకుంటాం. పైగా ఫిల్టర్ రేడియేటర్ వెనక వేడిలో ఉంటే నష్టమే. 40 డిగ్రీల గాలి 70కి చేరితే దాని సాంద్రత సుమారు 9 శాతం తగ్గుతుంది.

వేడి తప్పించడానికని కొందరు పైపును బంపర్ కిందికి దించుతారు. పొడి దేశాల్లో అది చెల్లుతుందేమో గానీ మన దగ్గర ప్రమాదం. బుడమేరు, తమ్మిలేరు కలిసి పోటెత్తితే కొల్లేటికి ఉప్పుటేరు ఒక్కటే దారి. అది లాగలేనప్పుడు నీళ్లు రోడ్డెక్కుతాయి. 2024 సెప్టెంబరు వరదలో ఏలూరు-కైకలూరు రోడ్డు మీద రాకపోకలే ఆగిపోయాయి. సిలిండర్‌లోకి చేరిన నీళ్లు గాలిలా నలగవు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది.

నా మటుకు కొల్లేటి వాసులు నేర్చుకోవలసింది ట్రాక్టర్ దగ్గరే. కంపెనీ డబ్బాను అలాగే ఉంచి, మూత సందులు బిగించి, ఫిల్టర్ ఎప్పటికప్పుడు మార్చి, పైపు నోటిని హెడ్‌లైట్‌కు పైన చల్లగాలి తగిలేచోట పెట్టాలి. ఇన్ని చేసినా నీళ్లలో కారు ఆగిందంటే మళ్లీ తాళం తిప్పకూడదు. ఒడ్డుకు నెట్టి, ప్లగ్గులు విప్పి, ఇగ్నిషన్ కాయిల్ కనెక్షన్ తీసి, ఆ తర్వాతే ఇంజిన్ తిప్పి లోపలి నీళ్లు బయటికి పోనివ్వాలి.