పెండ్లి పటము: కనబడునది, కనబడనిది

చిరకాలముగ ఇతర రాష్ట్రములలో స్థిరపడిన తెలుగువారి యిండ్లలో దేవుళ్ల పటముల తరువాత గౌరవస్థానము పెండ్లి పటమునకే. బరంపురమున నైనను, బళ్లారిలో నైనను, మదరాసున నైనను, యానామున నైనను ఇదియే రీతి. తాతలనాటి కాగితములు చెదలపాలైన యిండ్లలో సైతము ఆ పటము గోడపై నిలిచియున్నది. దానిని చరిత్రకు ఆధారముగ గూడ చదువవలయునని మా మనవి.

ఛాయాచిత్రకళ 1839లో లోకమునకు వెల్లడియయ్యెను. మదరాసులో 1856 నాటికే ఫొటోగ్రాఫిక్ సొసైటీ యేర్పడెను. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీనదయాళు సికింద్రాబాదులో స్టూడియో నడపెను. ఘోషా స్త్రీలు పరపురుషుని యెదుట కూర్చుండరు గనుక 1892లో ఆయన హైదరాబాదున స్త్రీలకు ప్రత్యేకముగ స్టూడియో తెరచి, దాని నిర్వహణను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించెను. మొదట సంపన్నుల మేడలలో నున్న యీ వేడుక క్రమముగ సామాన్య గృహస్థుల పందిళ్లకు వచ్చెను.

ఆనాటి ఛాయాగ్రాహకుని కంటితో పెండ్లిని చూతము. ముహూర్తము తరచుగ రాత్రివేళ. జీలకఱ్ఱ బెల్లము పెట్టునప్పుడు వధూవరుల నడుమ తెర తొలగు క్షణమున దీపముల వెలుగు ఆయన గాజుపలకకు చాలదు. మెగ్నీషియము పొడి వెలిగింతమన్న, తాటాకుల పందిరికి నిప్పంటునను భయము. కావున ఆయన తెల్లవారువరకు వేచియుండెడివాడు. ఉదయమున వాకిట కంబళి పరపించి, పెద్దలను కుర్చీలలో, పిల్లలను నేలపై కూర్చుండబెట్టి, నల్లగుడ్డలో తల దూర్చి, అద్దముపై తలక్రిందుగ కనబడు బంధువర్గమును సరిచూచుకొని, కదలవలదని హెచ్చరించి మూత తీసెడివాడు. కదలిన ముఖము చెదరిపోవును. మన పెద్దలు పటములలో అంత గంభీరముగ నుండుటకు నిద్రలేమితోపాటు ఈ భయమును కారణమే. మనము పెండ్లి పటమనునది అనేక గృహములలో పెండ్లి మరునాటి పటము.

ఆ పలకలకు ఎఱుపు తెలియదు. నీలికాంతియే వానిపై బలముగ పనిచేయును. అందుచే నొసటి కుంకుమ, పాదముల పారాణి, మధుపర్కముల ఎఱ్ఱయంచు నల్లగ పడును. మా యింటి బాలిక యొకతె, “ఈ అవ్వ నల్లబొట్టు పెట్టుకొన్నదేమి?” అని యడిగినప్పుడు మే మీ సంగతి చెప్పవలసివచ్చెను.

రంగులకంటె పెద్ద లోపము వేఱొకటి గలదు. ఆ పటమున కుర్చీపై కూర్చున్న పెండ్లికూతురి పాదములు నేలకందవు. 1929లో ఆమోదింపబడి 1930 ఏప్రిల్ 1 నుండి అమలైన శారదా చట్టము వివాహమునకు బాలికలకు 14, బాలురకు 18 ఏండ్లు కనీస వయస్సుగ నిర్ణయించెను. యానాము అప్పుడు ఫ్రెంచివారి యేలుబడిలో నుండుటచే ఆ చట్టము అచ్చట చెల్లదు. ఇరుగుపొరుగు బ్రిటిషు సీమవారు పిల్లలను అచ్చటికి గొనిపోయి పెండ్లిండ్లు చేసిరి. ఆ యూరికి కల్యాణపురమను పేరు వచ్చినది. పేరు అందమైనదే; దాని వెనుక పసిబిడ్డల బ్రతుకులున్నవి.

మా యింటి పటమునందలి ఆ బాలిక మా ముత్తవ్వ చెల్లెలు. కొన్నియేండ్ల తరువాత తీసిన మఱియొక పెండ్లి పటములో కుటుంబమంతయు నున్నది, ఆమె లేదు. భర్తను కోల్పోయిన స్త్రీ శుభకార్యమున ఎదురుపడరాదని ఆమెను లోపలిగదిలో నుంచిరని మా పెద్దలు చెప్పిరి. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించిరి. అయినను పందిళ్లలోని ఆచారము అంత త్వరగ మారలేదు. కెమేరాకు ఎదుట లేనివారిని ఏ ఛాయాగ్రాహకుడును చూపజాలడు. అది మనము చేయవలసిన పని.

1936లో ఒరిస్సా రాష్ట్రమును, 1953లో ఆంధ్రరాష్ట్రమును ఏర్పడెను. 1956లో ఎల్లలు మరల మారెను. ఇల్లు కదలకయే మనలో అనేకులము పరరాష్ట్రవాసుల మైతిమి. మన పిల్లలు ఇతర భాషలలో చదువుకొనుచున్నారు. పటములోనివారిని గుర్తుపట్టగల వృద్ధులు తగ్గిపోవుచున్నారు. కావున చదువరులకు మా ప్రార్థన: ఈ పండుగకే పటమును దింపి, పెద్దల యొద్ద కూర్చుండి, అట్ట వెనుక మెత్తని పెన్సిలుతో పేర్లు, వరుసలు, ఊరు, సంవత్సరము వ్రాయుడు. ఆనాడు ఇంటిలో నుండియు పటములోనికి రానివ్వబడని వారి పేర్లనుగూడ వ్రాయుడు. మా పటము వెనుక మేము మొట్టమొదట వ్రాసినది ఆమె పేరే.